నాలుగు నిమిషాల మైలు: రికార్డు తొమ్మిదేళ్లు ఎందుకు ఆగింది?

1954 మే 6 సాయంత్రం ఆక్స్‌ఫర్డ్‌లోని ఇఫ్లీ రోడ్ ట్రాక్ మీద రోజర్ బానిస్టర్ అనే పాతికేళ్ల వైద్య విద్యార్థి మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తాడు. ఇరవయ్యో శతాబ్దపు నడిమి కాలంలో జరిగిన క్రీడా ఘట్టాల్లో లోకం ఇంతగా చెప్పుకున్నవి చాలా తక్కువ. అయితే ఆ పరుగు గురించి ఇవాళ ఎక్కువగా వినిపించే కథ వేరు. నాలుగు నిమిషాల లోపు మైలు పరుగెత్తడం మనిషి వల్ల కాదని వైద్యులు, శాస్త్రవేత్తలు, క్రీడాకారులు అందరూ నమ్మారట; ఒక్కడు ఆ నమ్మకాన్ని బద్దలు కొట్టగానే మిగతావారి మనసులకు పడిన సంకెళ్లు తెగిపోయి, ఏడాది తిరక్కుండానే పదుల సంఖ్యలో పరుగువీరులు ఆ గీత దాటేశారట. వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో ఈ కథకు తిరుగులేని స్థానం ఉంది. కానీ రికార్డుల పట్టికను ముందు పెట్టుకుని తేదీలవారీగా చదివితే ఇందులో ప్రధానమైన మాట ఏదీ నిలవదు. పైగా ఈ కథ వల్ల అసలు ఆ విజయానికి కారకులైన చాలామంది పేర్లు మరుగున పడిపోయాయి.

ముందుగా ఏడాది లెక్క చూద్దాం. బానిస్టర్ తర్వాత నాలుగు నిమిషాల లోపు మైలు పూర్తి చేసిన రెండో వ్యక్తి ఆస్ట్రేలియాకు చెందిన జాన్ లాండీ. 1954 జూన్ 21న, అంటే సరిగ్గా 46 రోజులకు, ఫిన్లాండ్‌లోని టుర్కులో అతను ఆ పని చేశాడు. మూడో వ్యక్తి కోసం 1955 మే 28 వరకు ఆగాల్సి వచ్చింది. ఆ రోజు లండన్ వైట్ సిటీ స్టేడియంలో ఒకే పందెంలో హంగరీకి చెందిన లాస్లో టాబొరీ, బ్రిటన్‌కు చెందిన క్రిస్ చాటవే, బ్రయన్ హ్యూసన్ ముగ్గురూ ఆ గీత దాటారు. కాబట్టి బానిస్టర్ పరుగుకు మొదటి వార్షికోత్సవం వచ్చేనాటికి ఆ జాబితాలో అతను కాక ఉన్నది ఒక్క లాండీ మాత్రమే. 1955 ముగిసేసరికి కూడా మొత్తం అయిదుగురే. అమెరికా నుంచి తొలి పేరు, డాన్ బౌడెన్‌ది, 1957లో గానీ చేరలేదు. తలుపు తెరుచుకోగానే జనం ఒక్కసారిగా తోసుకొచ్చారన్న వర్ణనకు ఈ తేదీల్లో ఆధారమే లేదు.

మరి అంతకుముందు సంగతి ఏమిటి? బానిస్టర్ చెరిపేసిన రికార్డు 4:01.4, అంటే 4 నిమిషాల 1.4 సెకన్లు. స్వీడన్ పరుగువీరుడు గుండర్ హెగ్ 1945 జులై 17న మాల్మో నగరంలో దాన్ని నెలకొల్పాడు. ఆ అంకె దాదాపు తొమ్మిదేళ్లు కదలలేదు. భయం అనే వివరణకు మూలం ఈ తొమ్మిదేళ్ల నిశ్చలత్వమే. అందుకే దాన్ని విడిగా కాకుండా, దానికి ముందున్న చరిత్రతో కలిపి చూడాలి.

అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య గుర్తించిన తొలి మైలు రికార్డు 1913లో అమెరికన్ జాన్ పాల్ జోన్స్ సాధించిన 4:14.4. అక్కడి నుంచి 1923లో ఫిన్లాండ్‌కు చెందిన పావో నూర్మి దాన్ని 4:10.4కు, 1933లో న్యూజిలాండ్‌కు చెందిన జాక్ లవ్‌లాక్ 4:07.6కు, 1937లో బ్రిటన్‌కు చెందిన సిడ్నీ వూడర్సన్ 4:06.4కు దించారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. తటస్థంగా ఉన్న స్వీడన్‌లో మాత్రం పోటీలు ఆగలేదు. అక్కడ హెగ్, ఆర్నె ఆండర్సన్ అనే ఇద్దరు సమకాలికులు ఒకరి రికార్డు మీద ఒకరు పడి, 1942 నుంచి 1945 మధ్య మూడేళ్లలో అయిదు సెకన్లు తగ్గించారు. 1942 జులైలో ఇద్దరూ తొమ్మిది రోజుల తేడాతో 4:06.2 నమోదు చేశారు. అదే సెప్టెంబరులో హెగ్ 4:04.6కు, 1943లో ఆండర్సన్ 4:02.6కు, 1944లో మళ్లీ ఆండర్సనే 4:01.6కు, చివరికి హెగ్ 4:01.4కు చేరారు. ఇలా వేసవి వేసవికీ గడియారాన్ని వెనక్కి నెట్టిన ఆ ఇద్దరికీ నాలుగు నిమిషాలంటే భయం ఉందని చెప్పడానికి ఏ ఆధారమూ కనిపించదు. మరో రెండు వేసవులు పందేలు సాగి ఉంటే నాలుగు నిమిషాల గీత స్వీడన్‌లోనే చెరిగిపోయేదని నా నమ్మకం.

సాగనివ్వలేదు. పందేల్లో పాల్గొన్నందుకు డబ్బు తీసుకున్నారన్న కారణంతో 1946లో ఇద్దరినీ జీవితకాలం నిషేధించారు. అప్పటి అమెచ్యూర్ నిబంధనల ప్రకారం పరుగుకు ప్రతిఫలం పుచ్చుకున్నవాడు పందేలకు అనర్హుడు. లోకంలో ఆ వేగానికి దగ్గరగా ఉన్న ఇద్దరే ఇద్దరు ఒక్క కాగితంతో రంగం నుంచి తప్పుకున్నారు. మిగతా ఐరోపాలో పరిస్థితి ఇంకా దారుణం. యుద్ధం ముగిసినా తిండికి రేషన్, దెబ్బతిన్న మైదానాలు, శిక్షణకు అందాల్సిన వయసును యూనిఫాంలో గడిపేసిన ఒక తరం. రికార్డు ఆగడానికి ఇవి చాలవా?

చాలవు, మనసులో భయం కూడా ఉండే ఉంటుంది అనేవారికి ఒక సాక్ష్యం చూపించవచ్చు. నాకు తెలిసినంతలో ఈ చర్చలో అంతటి బలమైనది మరొకటి లేదు. మైలు అంటే 1609 మీటర్ల చిల్లర. ఒలింపిక్స్‌లో ఉండే 1500 మీటర్ల పందెం దానికంటే 109 మీటర్లు తక్కువ. రెండూ పరుగెత్తేది ఒకే తరహా మనుషులు, అవసరమైన శిక్షణా ఒకటే. అయితే 1500 మీటర్ల కాలంలో గుండ్రని అంకె ఏదీ లేదు. 3:43ను ఎవరూ మానవ సామర్థ్యానికి హద్దుగా చెప్పుకోలేదు, పత్రికలు దాని గురించి శీర్షికలు రాయలేదు, దాన్ని తలచుకుని నిద్ర పట్టని క్రీడాకారుడూ లేడు. మరి ఆ రికార్డు ఏమైంది? 1944 జులైలో హెగ్ 3:43.0 నమోదు చేశాడు. 1947లో అతని దేశస్థుడు లెన్నార్ట్ స్ట్రాండ్ దాన్ని సరిగ్గా సమం చేశాడు. 1952లో జర్మనీకి చెందిన వెర్నర్ లూగ్ మళ్లీ సమం చేశాడు. దాటినవాడు లేడు. మైలు రికార్డు తొమ్మిదేళ్లు ఆగితే, ఏ భయమూ అంటని ఈ రికార్డు పదేళ్లు ఆగింది. అది కదిలిన తేదీలు ఇంకా ఆసక్తికరం. 1954 మే 6న బానిస్టర్ మైలు పరుగెత్తుతూ మధ్యలో 1500 మీటర్లను దాదాపు అదే 3:43లో దాటాడు. జూన్ 4న అమెరికన్ వెస్ శాంటీ 3:42.8తో రికార్డు బద్దలు కొట్టాడు. జూన్ 21న లాండీ దాన్ని 3:41.8కు దించాడు. రెండు రికార్డులూ ఒకే కాలంలో గడ్డకట్టి, ఒకే వేసవిలో కరిగాయి. కారణం నాలుగు నిమిషాలన్న అంకె తెచ్చిపెట్టిన మానసిక భారమే అయితే 1500 మీటర్ల రికార్డు దారి వేరుగా ఉండాలి కదా.

శాంటీ పరుగుకు మరో విశేషం ఉంది. అతను 1500 మీటర్ల ప్రపంచ రికార్డు సాధించింది ఒక మైలు పందెంలో దారి మధ్యలోనే. మైలు పూర్తయ్యేసరికి మాత్రం గడియారం 4:00.6 చూపించింది. అప్పటికి బానిస్టర్ నాలుగు నిమిషాల గీత దాటి నాలుగు వారాలైంది. గీత చెరిగిందన్న వార్త తెలిసినా శాంటీకి చివరి 109 మీటర్లు కలిసిరాలేదు. ఆ తర్వాత కూడా అతను నాలుగు నిమిషాల లోపుకు ఎన్నడూ రాలేకపోయాడు. ఖర్చుల కింద అనుమతించిన దానికంటే ఎక్కువ డబ్బు తీసుకున్నాడని 1956లో అమెరికా అమెచ్యూర్ సంఘం అతన్ని కూడా జీవితకాలం నిషేధించింది. హెగ్, ఆండర్సన్‌ల కథే మరోచోట మరోసారి.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి వేయవచ్చు. 1913లో 4:14.4, 1945లో 4:01.4. ముప్పై రెండేళ్లలో 13 సెకన్లు తగ్గింది, అంటే సగటున ఏడాదికి 0.4 సెకన్లు. అదే ఒరవడి మరో తొమ్మిదేళ్లు సాగిందనుకుంటే 1954లో ఉండాల్సిన రికార్డు 3:58 ప్రాంతం. 1954 జూన్‌లో టుర్కులో లాండీ గడియారం చూపింది 3:57.9. అప్పటి నిబంధన ప్రకారం మైలు కాలాన్ని సెకనులో అయిదో వంతులకు సవరించేవారు గనుక అది 3:58.0గా నమోదైంది. ఇది కేవలం కూడికలు, తీసివేతల లెక్కే, ప్రకృతి నియమం కాదు. అయినా ఒక మాట ధైర్యంగా చెప్పవచ్చు: ఆ వేసవిలో జరిగింది చరిత్ర ఒరవడిని తెంచిన అద్భుతం కాదు, యుద్ధం వల్లా నిషేధాల వల్లా వెనకబడిన ఒరవడి తిరిగి తన చోటికి చేరుకోవడం.

అంత మాత్రాన బానిస్టర్ సాధించింది చిన్నదని కాదు. అతను ఏం చేశాడో దగ్గరగా చూస్తే గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల పోటీకి అనుకోకుండా సెమీఫైనల్ ఒకటి అదనంగా చేర్చారు. తక్కువ శిక్షణతో, తాజా కాళ్లతో ఒక్క ఫైనల్‌ను గెలవాలనుకున్న బానిస్టర్ వరుసగా మూడు రోజులు పరుగెత్తాల్సి వచ్చి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాడు. లగ్జెంబర్గ్‌కు చెందిన జోసీ బార్తెల్ స్వర్ణం గెలిచాడు. పరుగు మానేద్దామా అన్న ఆలోచన నుంచి తేరుకుని బానిస్టర్ మైలు మీద దృష్టి పెట్టాడు. అతను ఆక్స్‌ఫర్డ్‌లో ట్రెడ్‌మిల్ మీద మనుషులను పరుగెత్తించి, ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న గాలి పీలిస్తే అలసట ఎలా మారుతుందో పరిశోధించినవాడు. వేగం హెచ్చుతగ్గులైతే శరీరం ఎంత నష్టపోతుందో అతనికి ప్రయోగశాల ద్వారా తెలుసు. నాలుగు చుట్టులూ అరవై సెకన్ల చొప్పున సమంగా సాగడమే అతని లక్ష్యం.

లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో చదువుకుంటూ, మధ్యాహ్న భోజన విరామంలో దగ్గర్లోని పాడింగ్టన్ ట్రాక్‌కు వెళ్లి సాధన చేసేవాడు. 440 గజాల చుట్టును పదిసార్లు పరుగెత్తడం, ఒక్కోదానికీ నడుమ రెండు నిమిషాల విరామం. 1953 చలికాలంలో చుట్టుకు 66 సెకన్లు పట్టేది. వసంతానికి అది 61కి దిగి అక్కడే మొరాయించింది. అప్పుడు మిత్రుడు క్రిస్ బ్రాషర్‌తో కలిసి స్కాట్లాండ్‌కు వెళ్లి మూడు నాలుగు రోజులు పరుగు ఊసెత్తకుండా కొండలెక్కి వచ్చాడు. తిరిగొచ్చాక చుట్టు సమయం 59 సెకన్లు. విశ్రాంతి కూడా శిక్షణలో భాగమని ఇవాళ ప్రతి కోచ్ చెబుతాడు. వరుస విరామాలతో వేగంగా పరుగెత్తే ఈ పద్ధతి యుద్ధానికి ముందే జర్మనీలో రూపుదిద్దుకుంది. యుద్ధానంతరం చెకొస్లొవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్ దాన్ని విపరీతమైన స్థాయికి తీసుకెళ్లి, హెల్సింకిలో 5000 మీటర్లు, 10000 మీటర్లు, మారథాన్ మూడింటినీ గెలిచాడు. బ్రిటన్‌లో బానిస్టర్ బృందానికి ఆ విద్యను దగ్గరుండి నేర్పింది ఆస్ట్రియాలో పుట్టిన కోచ్ ఫ్రాంజ్ స్టాంప్‌ఫ్ల్.

పందెం రోజు గాలి బలంగా వీస్తోంది. పరుగెత్తాలా, మరో రోజుకు వాయిదా వేయాలా అన్నది ఆరు గంటల పందేనికి కొద్దిసేపటి ముందు వరకు తేలలేదు. పక్కనున్న చర్చి శిఖరం మీది జెండా కాస్త మెత్తబడటం చూశాకే బానిస్టర్ సరేనన్నాడు. మొదటిసారి బ్రాషర్ తుపాకీ పేలకముందే కదలడంతో పందేన్ని మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అక్కడి నుంచి వేగం నిర్దేశిస్తూ బ్రాషర్ ముందు, బానిస్టర్ వెనుక, మరో మిత్రుడు చాటవే అతని వెనుక. ఒళ్లంతా ఉత్సాహంతో ఉన్న బానిస్టర్‌కు వేగం చాలనట్టు అనిపించి ఇంకా వేగంగా వెళ్లమని వెనుక నుంచి అరిచాడు. బ్రాషర్ ఆ అరుపుకు లొంగకుండా తాను లెక్కగట్టిన వేగానికే కట్టుబడ్డాడు. మొదటి చుట్టు 57.5 సెకన్లలో పూర్తయింది. నిజానికి అది అవసరమైన దానికంటే ఎక్కువ వేగమే. ఆ క్షణాన బ్రాషర్ తొందరపడి ఉంటే ఆ సాయంత్రం మరోలా ముగిసేది. సగం దూరం 1:58లో గడిచింది. మూడో చుట్టులో బ్రాషర్ అలసిపోగానే చాటవే ముందుకొచ్చి భారం భుజానికెత్తుకున్నాడు. మూడు చుట్టులు పూర్తయ్యేసరికి మూడు నిమిషాల మీద అర సెకనుకు పైగా అయింది. అంటే చివరి చుట్టు 59 సెకన్లలో ముగియాలి. రెండు వందల గజాలకు పైగా మిగిలి ఉండగా బానిస్టర్ చాటవేను దాటి ఒంటరిగా దూసుకెళ్లాడు. ఫలితం ప్రకటించిన నోరిస్ మెక్‌వర్టర్ పోటీ పేరు, రికార్డుల వివరాలు నింపాదిగా చదువుతూ వచ్చి, కాలం చెప్పబోతూ 'మూడు' అనగానే మూడు వేల మంది ప్రేక్షకుల హోరులో మిగతా అంకెలు మునిగిపోయాయి.

ఆ పందెం మీద అప్పుడే ఒక అభ్యంతరం వచ్చింది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఇద్దరు మిత్రులు వేగం నిర్దేశిస్తూ ముందు పరుగెత్తితే అది పందెమా, ఏర్పాటు చేసుకున్న ప్రదర్శనా? దీనికి ఏడాది ముందు, 1953 జూన్‌లో మాట్స్‌పర్ పార్క్‌లో బానిస్టర్ 4:02.0 పరుగెత్తాడు. అక్కడ ఆస్ట్రేలియన్ డాన్ మెక్‌మిలన్ రెండున్నర చుట్టులు ముందు నడిపించగా, కావాలనే నెమ్మదిగా సాగుతూ దాదాపు ఒక చుట్టు వెనకబడిన బ్రాషర్ అక్కడి నుంచి బానిస్టర్‌ను ముందుండి లాక్కెళ్లాడు. బ్రిటిష్ అథ్లెటిక్స్ బోర్డు ఆ కాలాన్ని జాతీయ రికార్డుగా ఒప్పుకోలేదు. అది నిజమైన పోటీ కాదని తేల్చింది. నా దృష్టిలో ఆ నిర్ణయం సరైనదే. ఇఫ్లీ రోడ్‌లో జరిగింది దానికి భిన్నం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికీ, అమెచ్యూర్ అథ్లెటిక్ అసోసియేషన్‌కూ మధ్య ముందే నిర్ణయించిన పోటీలో ఆరుగురు బరిలో దిగారు, ముందు నడిచిన ఇద్దరూ మొదటి నుంచి నిజాయితీగా పరుగెత్తారు. ఎదురుగాలిని ముందున్నవాడు కాయడం, వేగం గురించి ఆలోచించే పని వెనకున్నవాడికి తప్పడం, ఈ రెండూ సాయమే. కానీ సాయం ఉందని ఒప్పుకోవడంలో తప్పేముంది? అది ముగ్గురి పరుగు. తాను ఒక్కడినే సాధించానని బానిస్టర్ ఎన్నడూ చెప్పుకోలేదు. అతన్ని ఒంటరి వీరుడిని చేసింది తర్వాతి కథకులే.

సాయం విలువ ఎంతో చెప్పడానికి లాండీ కంటే మంచి ఉదాహరణ లేదు. అతను 1952 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 4:02.1 పరుగెత్తాడు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో పలుమార్లు మళ్లీ అదే 4:02 దగ్గర ఆగిపోయాడు. అక్కడ ట్రాకులు ఎక్కువగా గడ్డి మీద గీసినవి. అంతకంటే ముఖ్యంగా, రెండో చుట్టు దాటాక అతని పక్కన పరుగెత్తగలిగిన మనిషే ఆ దేశంలో లేడు. మంచి ట్రాకుల కోసం 1954 వేసవిలో ఫిన్లాండ్ వెళ్లాడు. మే చివర్లో అక్కడ 4:01.6 వచ్చింది. మూడు వారాల తర్వాత అదే ట్రాక్ మీద 3:57.9 వచ్చింది. ఈ రెండింటి మధ్య మారిందేమిటి? బానిస్టర్ వార్త మే 6 నాటిదే గనుక మొదటి పరుగుకు ముందే లాండీకి అది తెలుసు. మారింది వెనకున్న మనిషి. జూన్ 21న చాటవే పనిగట్టుకుని టుర్కుకు వచ్చి, చివరి చుట్టు వరకు లాండీ మడమలు వదలకుండా పరుగెత్తాడు. ఇంగ్లండ్‌లో మిత్రుడి కోసం ముందు పరుగెత్తి, ఫిన్లాండ్‌లో మిత్రుడి ప్రత్యర్థిని వెనుక నుంచి తరిమి, రెండు ప్రపంచ రికార్డులకూ కారకుడైన చాటవేకు చరిత్ర ఇచ్చిన చోటు చాలా తక్కువని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మనసుకు అసలు పాత్రే లేదనడం కూడా అతిశయోక్తి అవుతుంది. అయితే దాని పాత్ర కనిపించేది నమ్మకాల గురించిన సిద్ధాంతాల్లో కాదు, మనిషికి మనిషి ఎదురుపడిన పందెంలో. 1954 ఆగస్టు 7న కెనడాలోని వాంకూవర్‌లో కామన్వెల్త్ క్రీడల మైలు ఫైనల్‌లో లోకంలోని ఇద్దరే ఇద్దరు నాలుగు నిమిషాల వీరులు తలపడ్డారు. లాండీ మొదటి నుంచీ ముందుండి వేగంతో ప్రత్యర్థిని అలసగొట్టాలనుకున్నాడు. బానిస్టర్ వెనకబడి, కోల్పోయిన దూరాన్ని కొంచెం కొంచెంగా పూడ్చుకుంటూ వచ్చాడు. చివరి మలుపులో బానిస్టర్ ఎంత దూరంలో ఉన్నాడో చూద్దామని లాండీ ఎడమ వైపు తల తిప్పాడు. సరిగ్గా ఆ క్షణానే బానిస్టర్ కుడి వైపు నుంచి అతన్ని దాటేశాడు. 3:58.8, 3:59.6. ఒకే పందెంలో ఇద్దరు నాలుగు నిమిషాల లోపు పరుగెత్తడం అదే మొదలు. రికార్డు లాండీది, విజయం బానిస్టర్‌ది. పందెంగా చూస్తే ఇఫ్లీ రోడ్ కంటే ఇదే గొప్పదని నేను అనుకుంటాను.

అయినా జనం గుర్తుపెట్టుకున్నది ఇఫ్లీ రోడ్‌నే. ఏ ఘట్టం చిరస్మరణీయం అవుతుందో నిర్ణయించేవి చాలాసార్లు ఆటకు బయట ఉంటాయి. 1953 మే 29న బ్రిటిష్ బృందంలోని టెన్జింగ్, హిల్లరీ ఎవరెస్ట్ ఎక్కారు. జూన్ 2న రాణి ఎలిజబెత్ పట్టాభిషేకం జరిగింది. యుద్ధంతో అలసి, సామ్రాజ్యాన్ని కోల్పోతున్న బ్రిటన్‌కు తన యువతరం గురించి చెప్పుకోవడానికి మరో విజయగాథ కావలసి వచ్చింది. గడియారంలో నిమిషాల ముల్లుకూ, మైలు అనే బ్రిటిష్ కొలతకూ కాకతాళీయంగా కుదిరిన నాలుగు అనే అంకె ఆ గాథకు చక్కగా అమరింది. మీటర్లలో కొలిచే దేశాల్లో అదే వేగానికి పేరే లేదు.

అంకె గుండ్రంగా ఉండటం ఒక్కటే చాలదని కూడా ఆ నెలలోనే తేలింది. బానిస్టర్ పరుగెత్తిన 23 రోజులకు, 1954 మే 29న, బర్మింగ్‌హామ్‌లో డయాన్ లెదర్ అనే యువతి మైలును 4:59.6లో పూర్తి చేసి, అయిదు నిమిషాల లోపు ఆ దూరం పరుగెత్తిన తొలి మహిళ అయింది. అదీ గుండ్రని అంకే, అదీ తొలిసారే. కానీ అంతర్జాతీయ సమాఖ్య అప్పట్లో మహిళల మైలు రికార్డును అసలు గుర్తించేదే కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల పందెం తర్వాత మహిళలు సొమ్మసిల్లి పడిపోయారని పత్రికలు గగ్గోలు పెట్టడంతో, 1960 దాకా ఒలింపిక్స్‌లో వారికి 200 మీటర్లకు మించిన పందేన్ని పెట్టలేదు. స్త్రీ శరీరం అంత దూరాన్ని తట్టుకోలేదన్న వాదన కాగితం మీద నిబంధనగా మారి, మూడు దశాబ్దాలకు పైగా మహిళలను ట్రాక్ బయటే నిలబెట్టింది. అసాధ్యమన్న నమ్మకం వల్ల నిజంగా ఆగిపోయిన పరుగు ఏదైనా ఉంటే అది ఇది. అక్కడ కూడా ఆ నమ్మకం పరుగెత్తేవారిది కాదు, నిబంధనలు రాసేవారిది. లెదర్ 1955 సెప్టెంబరులో 4:45.0 పరుగెత్తింది. ఆ కాలాన్ని 1962 వరకు ఎవరూ దాటలేదు. సమాఖ్య మహిళల మైలు రికార్డులను గుర్తించడం 1967లో మొదలైంది, మహిళల 1500 మీటర్ల పందెం 1972లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. అప్పటికి ఆమె పోటీల నుంచి తప్పుకుని చాలా ఏళ్లయింది.